“థైరాయిడ్ ఉందా?” అని అడిగితే “ఉంది” అంది

ఈ కేసు రాద్దామని చాన్నాళ్ళుగా అనుకుంటూనే ఉన్నా, కానీ రాస్తే నేను ఎక్కడెక్కడ తప్పులో కాలేశానో కూడా రాయాలి కదా, అందుకే వాయిదా వేస్తూ వచ్చా. మొన్న మా దగ్గరికి కొత్తగా చేరిన డ్యూటీ డాక్టర్ ఒక కేస్ షీట్‌లో “థైరాయిడ్ ఉంది, టాబ్లెట్ వాడుతోంది” అని రాసి పేజీ తిప్పేస్తుంటే ఇది గుర్తొచ్చింది, ఇక రాసేస్తున్నా. పేషెంట్ ఎవరో తెలియకుండా వయసు, ఊరు, ఇంటి సంగతులు మార్చేశా. కేసు నడిచిన తీరు మాత్రం అలాగే ఉంచా.

ఆవిడకి 30 లోపే వయసు, రెండో కాన్పు. మొదటి కాన్పు నార్మల్ డెలివరీ, అప్పుడు బీపీ గానీ షుగర్ గానీ లేవు. ఏడో నెల దాటాక పుట్టింటికొచ్చి మా దగ్గర చూపించుకుంది. అప్పటిదాకా వేరే చోట చూపించుకున్న ఫైల్ ఒకటి తెచ్చింది, దాంట్లో మొదటి పేజీలో “హైపోథైరాయిడ్, థైరోనార్మ్ 75” అని ఉంది (థైరాయిడ్ హార్మోన్ తక్కువ, దానికి థైరాక్సిన్ మాత్ర 75 మైక్రోగ్రాములు అని), రెండో పేజీలోనూ అదే, ఐదో పేజీలోనూ అదే. ఒకరు రాసింది ఇంకొకరు ఎక్కించుకుంటూ వచ్చారన్నమాట. నేనూ అదే చేశా. “థైరాయిడ్ ఉందామ్మా?” అని అడిగా, “ఉంది మేడమ్” అంది, నా షీట్‌లో కూడా అదే లైను చేరిపోయింది.

30 వారాలప్పుడు బీపీ 146/94. కాసేపు పడుకోబెట్టి నాలుగు గంటల తర్వాత మళ్ళీ చూస్తే 148/96. యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ 2 ప్లస్, కాళ్ళకి నీరు పట్టింది. తలనొప్పి లేదు, కళ్ళు మసకలు లేవు. ప్లేట్‌లెట్లు 1.8 లక్షలు, కిడ్నీకి చూసే క్రియాటినిన్, లివర్ ఎంజైములు బాగానే ఉన్నాయి, బిడ్డ ఎదుగుదల కొంచెం వెనకబడ్డా రక్తప్రసరణ బాగుంది. అంటే ప్రీఎక్లాంప్సియానే (గర్భంలో బీపీ పెరిగి యూరిన్‌లో ప్రోటీన్ పోయే జబ్బు), కానీ ఇంకా తీవ్రం కాలేదు. ఇంతవరకూ రోజూ చూసేదే.

ఆవిడ చెప్పిన బాధలు మాత్రం వేరే. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి, చేతివేళ్ళు తిమ్మిర్లు, పెదాల చుట్టూ చీమలు పాకినట్టు ఉంటోంది. వాళ్ళమ్మ పక్కనుంచి “రక్తం తక్కువుంది కదా డాక్టరమ్మా, అందుకేనేమో” అంది, హిమోగ్లోబిన్ 9.4 ఉంది కాబట్టి నేనూ తలూపేశా. ఏడో నెలలో పిక్కలు పట్టేయని మనిషి ఎవరు చెప్పండి, ఓపీలో కూర్చుంటే పొద్దున్నుంచి పది మంది అదే చెప్తారు. కానీ పెదాల చుట్టూ చీమలు పాకడం రక్తహీనతలో రాదు, ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. మొదటి పొరపాటు అదే.

అడ్మిట్ చేసి బీపీకి లాబెటలాల్ 100 ఎంజీ రోజుకి రెండు సార్లు మొదలుపెట్టా, బ్లడ్ టెస్టులతో పాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే ఇది పెరుగుతుంది) పంపించా. పాత ఫైల్లో మొదటి మూడు నెలలప్పుడు టీఎస్‌హెచ్ 4.6 ఉంది, ఆ తర్వాత ఎవరూ చేయించలేదు. ఇప్పుడు 14.2 వచ్చింది, ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ హార్మోన్, కూడా తక్కువే. హైపోథైరాయిడ్ సరిగ్గా కంట్రోల్‌లో లేకపోతే రక్తనాళాలు బిగుసుకుని కింది బీపీ పెరుగుతుంది, గర్భంలో బీపీ వచ్చే అవకాశమూ పెరుగుతుంది, ఇవి తెలిసిన సంగతులే. సరే డోసు చాల్లేదనుకుని 75ని 100 చేశా. కాల్షియం రోజుకి రెండు మాత్రలు వేసుకుంటోంది, దాన్ని మూడు చేశా. ఐదు రోజులుంచి బీపీ 136/88కి వచ్చాక రోజు మార్చి రోజు రమ్మని ఇంటికి పంపా.

కాల్షియం ఎందుకు పెంచావు అంటే నిజాయితీగా చెప్పాలంటే అలవాటు కొద్దీ. దీని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనలో చాలామందికి ఒక గందరగోళం ఉంది. కాల్షియానికీ గర్భంలో బీపీకీ సంబంధం ఉందని మొదట అనుమానం వచ్చింది గ్వాటెమాలాలో, అక్కడి మాయా తెగ ఆడవాళ్ళు పేదవాళ్ళే అయినా వాళ్ళలో ఎక్లాంప్సియా (ఈ బీపీ ముదిరి ఫిట్స్ రావడం) తక్కువుంది, ఎందుకా అని చూస్తే వాళ్ళు మొక్కజొన్నని సున్నం నీళ్ళలో నానబెట్టి వండుకుంటారు, అలా కాల్షియం బాగా వెళ్తోంది. 1980లో ఈ ఊహ అచ్చయింది. (మన తాంబూలంలో సున్నం గుర్తొస్తోంది కదా, నాకూ గుర్తొచ్చింది, కానీ దానికోసం కిళ్ళీలు నమలమని ఎవరికీ చెప్పను.) తర్వాత 1997లో అమెరికాలో 4,589 మంది మొదటి కాన్పు వాళ్ళకి రోజుకి 2 గ్రాములు ఇచ్చి చూస్తే ఏమీ తేడా రాలేదు, ఎందుకంటే అక్కడ తిండిలోనే కాల్షియం చాలినంత ఉంది. తిండిలో తక్కువున్న చోట మాత్రం పనిచేస్తుందని తేలింది కాబట్టే డబ్ల్యూహెచ్‌ఓ అలాంటి చోట్ల రోజుకి 1.5 నుంచి 2 గ్రాములు అంది, మన కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో 14 వారాల నుంచి రోజుకి 500 ఎంజీ మాత్రలు రెండు అంది. 2024లో బెంగళూరులోనూ టాంజానియాలో దార్ ఎస్ సలామ్‌లోనూ చెరో 11,000 మంది మీద చేసిన ట్రయల్స్‌లో రోజుకి 500 ఎంజీ కూడా ప్రీఎక్లాంప్సియా ఆపడంలో 1500 ఎంజీకి తీసిపోదని వచ్చింది.

ఇదంతా బీపీ రాకుండా ఆపడం గురించి. వచ్చేసిన బీపీని కాల్షియం తగ్గించదు. ఇది తెలిసి కూడా, రోగం వచ్చాక మూడో మాత్ర కలిపిన నేను, ఏదో చేశాం అన్న తృప్తి తప్ప ఇంకేం ఆశించానో నాకే తెలీదు. పైగా రక్తంలో కాల్షియం ఎంతుందో చూడకుండా! ప్రీఎక్లాంప్సియా టెస్టుల లిస్టులో ప్లేట్‌లెట్లు ఉంటాయి, క్రియాటినిన్ ఉంటుంది, లివర్ ఉంటుంది, కాల్షియం ఉండదు. లిస్టులో లేదు కాబట్టి పంపలేదు.

రెండున్నర వారాల తర్వాత పరిస్థితి ఇదీ. బీపీ 154/100, లాబెటలాల్ రెండు సార్లు పెంచినా. టీఎస్‌హెచ్ 15.8. నిజానికి డోసు మార్చాక నాలుగు వారాలు ఆగి చూడాలి, అంత తొందరగా నార్మల్‌కి రాదు, కానీ డోసు పెంచాక కనీసం దిగే దారి పట్టాలి కదా, ఇది ఎక్కింది. తిమ్మిర్లు ఎక్కువయ్యాయి. మళ్ళీ అడ్మిట్ చేశా, బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథాసోన్ మొదలుపెట్టా.

ఆ సాయంత్రం జరిగింది ఇది. డిజిటల్ మిషన్ ఎర్రర్ చూపిస్తోందని సిస్టర్ పాత మెర్క్యురీ మిషన్ తెచ్చింది. పట్టీ కట్టి 180 దాకా ఎక్కించింది, వార్డులో ఎవరో పిలిస్తే అటు తిరిగి మాట్లాడుతూ గాలి వదలకుండా అలాగే ఉంచేసింది, రెండు నిమిషాలో మూడో. పేషెంట్ “సిస్టర్, చెయ్యి...” అంటే చూశాం. మణికట్టు లోపలికి వంగిపోయింది, బొటనవేలు అరచేతిలోకి వచ్చేసింది, మిగతా నాలుగు వేళ్ళూ నిటారుగా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. గాజులు ఎక్కించేటప్పుడు చెయ్యి ఎలా ముడుస్తాం, సరిగ్గా అలా. కానీ ఆవిడ ముడవలేదు, దానంతటదే ముడుచుకుంది, విప్పుదామన్నా రావట్లేదు. పట్టీ గాలి తీశాక మెల్లగా విడింది.

ట్రూసో సైన్, రక్తంలో కాల్షియం బాగా తగ్గిందనే గుర్తు. ఎంబీబీఎస్‌లో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నదే, ఇన్నేళ్ళ ప్రాక్టీసులో గర్భిణిలో కళ్ళారా చూడడం నాకు అదే మొదటిసారి.

“ఇలా ఇంట్లో కూడా అవుతుందా అమ్మా?”

“బట్టలు పిండేటప్పుడు కొంకర్లు పోతాయి మేడమ్. అమ్మ నూనె రాస్తుంది, తగ్గిపోతుంది.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఆపరేషన్ అయిన కొత్తలో ఉండేది, తర్వాత తగ్గింది, ఇప్పుడు కడుపొచ్చాక మళ్ళీ.”

“ఏ ఆపరేషన్?”

నల్లపూసలు పక్కకి జరిపింది. మెడ మడతలో సన్నగా గీతలాంటి మచ్చ, వెతికితే తప్ప కనపడదు. మూడేళ్ళ కిందట గొంతు దగ్గర గడ్డలుంటే థైరాయిడ్ మొత్తం తీసేశారట, క్యాన్సర్ కాదు. ఫైల్లో ఎక్కడా లేదే అంటే ఆవిడ అన్న మాట నేను జన్మలో మర్చిపోను. “థైరాయిడ్ ఉందా అని అడిగారు మేడమ్, ఉందన్నాను.”

తప్పు ఆవిడది కాదు. మన భాషలో థైరాయిడ్ ఉందంటే జబ్బు ఉందనే అర్థం. అసలు గ్రంథే లేని మనిషి కూడా “ఉంది” అనే చెప్తుంది, ఇంకేం చెప్పాలి పాపం.

థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు నాలుగు ఉంటాయి, పీటీహెచ్ అనే హార్మోన్‌తో రక్తంలో కాల్షియం ఎంతుండాలో అవే చూసుకుంటాయి. థైరాయిడ్ మొత్తం తీసేటప్పుడు కొందరిలో వాటికి రక్తసరఫరా దెబ్బతింటుంది లేదా అవీ పోతాయి. ఆపరేషన్ తర్వాత ఆవిడకి కాల్షియంతో పాటు “చిన్న గుళిక” ఒకటి ఇచ్చారట, అది కాల్సిట్రియాల్ (నేరుగా పనిచేసే విటమిన్ డి) అని తర్వాత పాత చీటీ చూస్తే తెలిసింది. ఏడాది వాడి బాగానే ఉందని మానేసింది. సగం సగం పనిచేస్తున్న గ్రంథులతో అలా నెట్టుకొచ్చింది, ఇప్పుడు కడుపులో బిడ్డ ఎముకలకి దాదాపు 30 గ్రాముల కాల్షియం కావాలి, దాంట్లో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే లాక్కుంటుంది, ఇక దాచుకున్నది చాల్లేదు.

వెంటనే పంపిన రిపోర్టులు: కాల్షియం 6.4, ఆల్బుమిన్ 2.7, ఫాస్ఫరస్ 5.9, మెగ్నీషియం 1.7, పీటీహెచ్ 7, విటమిన్ డి 16. కాల్షియం, పీటీహెచ్ బాగా తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. ఈసీజీలో క్యూటీ సాగి ఉంది, కాల్షియం తగ్గితే గుండెలో కనపడే మార్పు అది.

ఇక్కడ మా డ్యూటీ డాక్టర్ మంచి ప్రశ్నే అడిగింది, ఆల్బుమిన్ తక్కువ కాబట్టి కాల్షియం తక్కువ కనపడుతోందేమో మేడమ్ అని. ప్రీఎక్లాంప్సియాలో ఆల్బుమిన్ పడిపోతుంది, కాల్షియంలో 40 శాతం దాకా దానికే అంటుకుని తిరుగుతుంది, కాబట్టి మొత్తం కాల్షియం తక్కువొస్తే “ఆ, ఆల్బుమిన్ వల్లే” అని కొట్టిపారేయడం తేలిక. లెక్క వేసి చూడాలి. 4లోంచి 2.7 తీస్తే 1.3, దాన్ని 0.8తో గుణిస్తే 1 పైచిలుకు, కలిపితే 7.4. అప్పటికీ తక్కువే. ఐసీయూ గ్యాస్ మిషన్‌లో అయోనైజ్డ్ కాల్షియం, అంటే దేనికీ అంటుకోకుండా విడిగా తిరిగేది, చూస్తే 0.84, ఉండాల్సింది 1.1 పైన. ఇక అనుమానం లేదు. విటమిన్ డి తక్కువ వల్లే అయితే పీటీహెచ్ ఎగబాకి ఉండాలి, ఫాస్ఫరస్ తగ్గి ఉండాలి, ఇక్కడ రెండూ తిరగబడి ఉన్నాయి. మెగ్నీషియం బాగా పడిపోతే కూడా పీటీహెచ్ పనిచేయదు, అదీ చూశాం, అంచు మీద ఉంది గానీ కారణం అనేంత తక్కువ లేదు.

ఇప్పుడు అసలు భయం. ఆ రాత్రి ఆవిడకి ఫిట్స్ వచ్చి ఉంటే? బీపీ ఉంది, యూరిన్‌లో ప్రోటీన్ ఉంది, ఎవరైనా గుర్రపు వాతమే, అంటే ఎక్లాంప్సియానే, అంటారు, నేనూ అంటా, దాని మందు మెగ్నీషియం ఎక్కించేస్తాం. మెగ్నీషియం కిడ్నీల ద్వారా కాల్షియాన్ని ఇంకా బయటికి తోసేస్తుంది. కాల్షియం తగ్గి వచ్చిన ఫిట్స్‌కి కాల్షియం తగ్గించే మందు ఇచ్చినట్టు అయ్యేది. అలాగని రెండో వైపు కూడా జారకూడదు, దొరికింది కదా కారణం అని అంతా కాల్షియం మీదకి తోసేసి ప్రీఎక్లాంప్సియాని వదిలేయడం ఇంకా ప్రమాదం. ఈవిడకి రెండూ ఉన్నాయి. ఒకటి దొరికితే రెండోది పోదు.

కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం 10 ఎంఎల్ ఆంపుల్స్ రెండు, 100 ఎంఎల్ డెక్స్ట్రోస్‌లో కలిపి మానిటర్ పెట్టి 15 నిమిషాలు నెమ్మదిగా ఇచ్చాం. గబుక్కున తోస్తే గుండె నెమ్మదిస్తుంది, బీపీ కూడా ఒక్కసారిగా లేస్తుంది, అసలే 154 ఉన్న మనిషికి అది కూడా అయితే ఇంకేమన్నా ఉందా. ఒక్కో ఆంపుల్‌లో అసలు కాల్షియం 90 ఎంజీ చిల్లరే, కాసేపట్లో అయిపోతుంది, అందుకని తర్వాత డ్రిప్‌లో కొనసాగించాం. అర్ధరాత్రికి ఆవిడే “పెదాల దగ్గర చీమలు పోయాయి మేడమ్” అంది.

మరి రోజుకి మూడు మాత్రలు మింగుతుంటే కాల్షియం ఎందుకు ఎక్కలేదు, థైరాయిడ్ డోసు పెంచితే టీఎస్‌హెచ్ ఎందుకు దిగలేదు? మర్నాడు పొద్దున్న దొరికింది జవాబు, నేను రౌండ్స్‌కి వెళ్ళేసరికి వాళ్ళమ్మ పాల గ్లాసు ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేతి గుప్పిట్లో మాత్రలన్నీ పోసి కూతురికి అందిస్తోంది. థైరాయిడ్, ఐరన్, కాల్షియం, గ్యాస్ మాత్ర, అన్నీ ఒకేసారి. “మర్చిపోకుండా పొద్దున్నే వేసేస్తున్నానండీ” అంది గర్వంగా. ఎంత శ్రద్ధో చూడండి. ఆ శ్రద్ధే కొంప ముంచింది.

కాల్షియం, ఐరన్ రెండూ పేగులో థైరాక్సిన్‌ని పట్టేసుకుంటాయి, లోపలికి పోనివ్వవు, కనీసం 4 గంటలు ఎడం ఉండాలి. పాలూ అంతే. అంటే నేను మూడో కాల్షియం మాత్ర కలిపి టీఎస్‌హెచ్‌ని నా చేత్తో నేనే పెంచా. ఇక గ్యాస్ మాత్ర పాంటప్రజోల్, కాల్షియం కార్బొనేట్ కరగాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి, ఇది ఆ యాసిడ్‌నే ఆపేస్తుంది. ఐరన్ కూడా కాల్షియంతో కలిస్తే సరిగ్గా ఎక్కదు. నాలుగు మాత్రలు ఒకదాని కాళ్ళు ఒకటి పట్టుకుని లాగుతున్నాయన్నమాట. వెనక్కి తిరిగి చూస్తే ఫైల్లోనే ఉంది కథ, టీఎస్‌హెచ్ 4.6 నుంచి 14కి ఎక్కిన మధ్యకాలంలోనే 14 వారాల నుంచి ఐరన్, కాల్షియం మొదలయ్యాయి.

ఇంకో లెక్క కూడా నేను వేసి ఉండాల్సింది. గ్రంథి మొత్తం తీసేసిన వాళ్ళకి కిలోకి 1.6 మైక్రోగ్రాముల చొప్పున కావాలి, ఆవిడ గర్భానికి ముందు 62 కిలోలు, అంటే 100 దగ్గర. గర్భం రాగానే దానిమీద 25-30 శాతం పెంచాలి, అంటే 125. ఆవిడ వేసుకుంటున్నది 75. మామూలు హైపోథైరాయిడ్ అనుకుంటే 75 అంకె చూసి ఏమీ అనిపించదు, గ్రంథి లేదని తెలిస్తే అదే అంకె చూడగానే ఉలిక్కిపడతాం.

సిటీలో ఉన్న ఎండోక్రైనాలజిస్ట్‌తో ఫోన్లో మాట్లాడి మార్చినవి ఇవీ. కాల్సిట్రియాల్ 0.5 మైక్రోగ్రాములు రోజుకి రెండు సార్లు. ముందు ఎవరో విటమిన్ డి3 60,000 సాచెట్లు రాశారు, వేసుకుంది కూడా, కానీ అది పనిచేయాలంటే కిడ్నీలో చివరి మెట్టు ఎక్కాలి, ఆ మెట్టు ఎక్కించేది పీటీహెచ్, అదే లేదు కాబట్టి నేరుగా పనిచేసే రూపంలోనే ఇవ్వాలి. కాల్షియం కార్బొనేట్ బదులు సిట్రేట్, దీనికి యాసిడ్ అక్కర్లేదు, కాకపోతే కార్బొనేట్‌లో 40 శాతం కాల్షియం ఉంటే దీంట్లో 21 శాతమే, మాత్రలు ఎక్కువ మింగాలి. పాంటప్రజోల్ ఆపేశాం. థైరాక్సిన్ 125, టైము మార్చాం. ఈ టైము దగ్గర చాలాసేపు తంటాలు పడ్డాం, రాత్రి పడుకునే ముందు వేసుకుందామంటే రాత్రి భోజనంతో కాల్షియం ఉంది. చివరికి ఆవిడే చెప్పింది, తెల్లారుజామున 5కి బాత్రూంకి ఎలాగూ లేస్తా మేడమ్ అని. దిండు పక్కన ఆ ఒక్క స్ట్రిప్, నీళ్ళ సీసా. కాల్షియం పొద్దున 9కి టిఫిన్‌తో, మధ్యాహ్నం, రాత్రి అన్నంతో. ఐరన్ సాయంత్రం 5కి, పాలూ టీ లేకుండా. వాళ్ళమ్మ గోడ మీద తెలుగు క్యాలెండర్ వెనక పేజీలో రాసుకుని రోజూ టిక్కులు పెట్టింది, ఆవిడంత క్రమశిక్షణ మా వార్డులో కూడా లేదు.

పది రోజుల్లో కాల్షియం 8.3కి వచ్చింది, చేతులు కొంకర్లు పోవడం ఆగింది. బీపీ మాత్రం తగ్గలేదు. తగ్గుతుందని నేను అనుకోలేదు కూడా, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పా, ఈ బీపీ మాయలోంచి వస్తోంది, మాయ బయటికొస్తే గానీ పోదు అని.

33 వారాలు దాటాక ఒక రాత్రి 168/112, తల పగిలిపోతోందంది. ప్లేట్‌లెట్లు 1.05 లక్షలు, లివర్ ఎంజైమ్ ఎస్‌జీపీటీ రెండింతలు దాటింది. లాబెటలాల్ నరంలో ఇచ్చి నిఫిడిపిన్ 10 ఎంజీ నోట్లో ఇవ్వబోతుంటే డ్యూటీ డాక్టర్ ఆపింది, “ఇది కాల్షియం చానల్ బ్లాకర్ కదా మేడమ్, కాల్షియం తక్కువున్న పేషెంట్‌కి ఇవ్వచ్చా?” పేరు అలా ఉంది గానీ రక్తంలో కాల్షియాన్ని అది తగ్గించదు, రక్తనాళం కండరంలోకి కాల్షియం వెళ్ళే తలుపుని మాత్రం మూస్తుంది. ఇచ్చాం.

మెగ్నీషియం దగ్గర మాత్రం నిజంగా ఆలోచించాల్సొచ్చింది. ఇవ్వకపోతే ఎక్లాంప్సియా రావచ్చు, తల్లి ప్రాణం మీదకొస్తుంది, కాబట్టి ఇవ్వకపోవడం అన్న ప్రశ్న లేదు. ఎలా ఇవ్వాలన్నదే ప్రశ్న. మా దగ్గర మామూలుగా ప్రిచర్డ్ పద్ధతి, నరంలో 4 గ్రాములు, పిరుదుల్లో చెరో 5 గ్రాములు. పిరుదులో వేసిన ఇంజెక్షన్‌ని వెనక్కి తీసుకోలేం, తేడా వస్తే మధ్యలో ఆపలేం. అందుకని ఈవిడకి నరంలో 4 గ్రాములు 20 నిమిషాలు, తర్వాత గంటకి 1 గ్రాము చొప్పున పంప్‌లో, అనుమానమొస్తే ఆ క్షణంలో ఆపేయొచ్చు. ముందు అయోనైజ్డ్ కాల్షియం చూసి 1.0 పైన ఉందని తెలుసుకున్నాకే మొదలుపెట్టాం, ప్రతి 4 గంటలకీ చూశాం. కాల్షియం గ్లూకోనేట్ మెగ్నీషియానికి విరుగుడు కూడా కదా, రెండూ కలిపి పోస్తే ఒకదాన్ని ఒకటి కొట్టేస్తాయి. అందుకే పూర్తిగా నార్మల్‌కి తేవాలని వెంటపడలేదు, 1.0 దగ్గర నిలబెడితే చాలనుకున్నాం. ఇది ఫిజీషియనూ నేనూ కలిసి తీసుకున్న నిర్ణయం. మోకాలి జెర్క్ కూడా ఇక్కడ కొంచెం మోసం చేస్తుంది, కాల్షియం తక్కువున్నా ప్రీఎక్లాంప్సియా ఉన్నా జెర్క్ గట్టిగానే ఉంటుంది, కాబట్టి అదొక్కటే నమ్మకుండా ఊపిరి, యూరిన్, ఆక్సిజన్ గంట గంటకీ రాయించాం.

తెల్లారేలోగా సిజేరియన్ చేశాం. ప్లేట్‌లెట్లు సరిపోయాయి కాబట్టి స్పైనలే, మెగ్నీషియం ఎక్కుతున్న మనిషికి పూర్తి మత్తు ఇస్తే కండరాలు సడలించే మందు ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది అని అనస్తీషియా ఆయనా అదే కోరుకున్నాడు. బాబు 1.7 కిలోలు. పిల్లల డాక్టర్‌కి ముందే చెప్పి ఉంచాం, తల్లికి కాల్షియం తక్కువుంటే బిడ్డ పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేసి ఉండొచ్చు, రక్తం చూడాలని. చూశారు, బానే ఉంది. 24 గంటల తర్వాత మెగ్నీషియం ఆపాం, పది రోజులకి బీపీ మందు సగానికి తగ్గింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నా. రెండో పొరపాటు ఇక్కడే. ఆరు వారాలకి వచ్చి కాల్షియం చూపించుకోమని చెప్పి పంపేశా.

మూడో వారంలో తీసుకొచ్చారు. అన్నం సయించట్లేదు, వాంతులు, మలబద్ధకం, దాహం, రోజంతా మత్తుగా పడుకుంటోంది. ఇంట్లోవాళ్ళు పథ్యం పడలేదనుకున్నారు, కారప్పొడి మార్చి చూశారట. కాల్షియం 12.1, క్రియాటినిన్ 1.3. తక్కువున్న మనిషికి ఎక్కువైపోయింది. పాలిచ్చేటప్పుడు రొమ్ములోంచి పీటీహెచ్ లాంటి ఒక హార్మోన్ రక్తంలోకి వస్తుంది, అది తల్లి ఎముకల్లోంచి కాల్షియం తీసి పాలల్లోకి పంపే ఏర్పాటు. గ్రంథులు లేని తల్లికి ఆ లోటుని ఇది కొన్నాళ్ళు పూడ్చేస్తుంది. నేను గర్భంలో డోసులే కొనసాగించా, పైనుంచి ఇదీ తోడైంది. సెలైన్ పెట్టి కాల్సిట్రియాల్ ఆపేసి, వారం తర్వాత నాలుగో వంతు డోసుతో మళ్ళీ మొదలుపెట్టాం. థైరాక్సిన్ కూడా కాన్పు కాగానే 100కి తగ్గించా, అది మాత్రం మర్చిపోలేదు.

బీపీ దేని వల్ల వచ్చిందని వాళ్ళాయన అడిగాడు, థైరాయిడ్ వల్లా, కాల్షియం వల్లా అని. కాల్షియం తక్కువైతే పీటీహెచ్ పెరిగి రక్తనాళాలు బిగుస్తాయన్నది మామూలుగా చెప్పే కారణం, ఈవిడకి పీటీహెచ్చే లేదు, కాబట్టి ఆ లెక్క ఇక్కడ నేరుగా అతకదు. ప్రీఎక్లాంప్సియా వల్ల కూడా థైరాయిడ్ మందగించి టీఎస్‌హెచ్ పెరుగుతుంది, 2009లో వచ్చిన పరిశోధనలో మాయలోంచి వచ్చే ఒక ప్రోటీన్‌కి దానితో సంబంధం చూపించారు, కానీ గ్రంథే లేని మనిషిలో మందగించడానికి ఏముంది. కంట్రోల్‌లో లేని హైపోథైరాయిడ్ ఒక చెయ్యి వేసి ఉంటుంది అన్నా ఆయనతో, అంతకుమించి చెప్పలేదు.

మా కేస్ షీట్‌లో ఇప్పుడు ఆ లైను కొట్టేయించా. “థైరాయిడ్ ఉందా” బదులు “థైరాయిడ్ మాత్ర ఎందుకు వేసుకుంటున్నారు, మెడకి ఆపరేషన్ అయిందా” అని అచ్చు వేయించాం, నల్లపూసలు జరిపి చూడమని సిస్టర్స్‌కి చెప్పా. ఏయే మాత్ర ఏ టైముకి అని అడగడం మానేసి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం మింగుతారో వరసగా చెప్పమంటున్నాం, అలా అడిగితే పాల గ్లాసు సంగతి బయటికొస్తుంది. బీపీతో వచ్చి తిమ్మిర్లన్న ప్రతి మనిషికీ కాల్షియం, ఆల్బుమిన్ కలిపి పంపుతున్నాం, దీని కోసం కొత్త మిషన్లేమీ అక్కర్లేదు. గ్రంథులు పోయినవాళ్ళు కాన్పయ్యాక వారం వారం కాల్షియం చూపించుకోవాలి, ఆరు వారాలు కాదు.

బాబుకి ఏడాది దాటాక ఒకరోజు ఆవిడే ఫోన్ చేసింది. “మేడమ్, పాలు మాన్పించేశా. నిన్నట్నుంచి పెదాల దగ్గర మళ్ళీ చీమలు. టెస్టు రాయండి, వస్తున్నా.” కాల్షియం 7.9 వచ్చింది.